నవాగామ్‌లో ఒక ఆదివారము

సూరతు నగరమునకు ఆగ్నేయ దిశన, ఉధ్నా రైలు యార్డు పరిసరములలో, నవాగామ్ అను పేట ఉన్నది. గుజరాతీ భాషలో 'గామ్' అనగా ఊరు. మన వైపు కొత్తపల్లి, కొత్తపేట ఎటువంటివో నవాగామ్ కూడా అటువంటి పేరే. ఒకవైపు డిండోలితో, మరొకవైపు లింబాయత్‌తో కలిసిపోయి ఉండుట వలన ఇది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో కొత్తవారికి అంతుపట్టదు. యాత్రాస్థలముల పట్టికలలో దీని పేరు కనిపించదు. మేము కూడా గుడిగోపురములను వెదకుచు అక్కడికి వెళ్ళలేదు. కార్యాలయము నుండి వచ్చిన ఒక కాగితమునకు జవాబు వ్రాయవలసి వచ్చి వెళ్ళాము.

మా విభాగపు స్వరూపము తెలిసినవారికి ఆ కాగితములోని విషయము కొత్త కాదు. మాలో కొందరము సముద్రతీరమున హజీరా వైపు పనిచేస్తాము. మిగిలినవారు దారి పొడుగునా ఒకరో ఇద్దరో మాత్రమే ఉండే చిన్న చిన్న కేంద్రములలో ఉన్నారు. 2020 తరువాత కొందరు ఇంటి నుండియే పనిచేయుటకు అలవాటుపడ్డారు. ఒకరి సంతకము ఒకరికి తెలుసును గాని ముఖము తెలియదు. తెర మీద ముఖము కనిపించినా, ఆ మనిషి పొట్టివాడో పొడుగువాడో తెలియదు. ఇట్టి సిబ్బంది మధ్య ఐక్యభావమును పెంపొందించుటకు తగిన సూచనలు పంపవలసినదిగా ఆ కాగితము కోరినది. ఇంతకుముందు ఈ దిశగా ప్రయత్నములు జరుగకపోలేదు. వార్షికోత్సవము జరిగినది. అందరికీ ఒకే రంగు చొక్కాలు పంచారు. తెర మీద ప్రశ్నల పోటీ పెట్టారు. పుట్టినరోజు నాడు శుభాకాంక్షలు యంత్రము ద్వారా వాటంతట అవే వెళ్ళే ఏర్పాటు కూడా ఉన్నది.

అయినను ఒక వర్షాకాలములో జరిగినది మమ్ములను కలవరపెట్టినది. ఒక దూరపు కేంద్రములో ఒంటరిగా ఉండే సహోద్యోగి తీవ్రమైన జ్వరముతో రెండు పగళ్ళు, రెండు రాత్రులు క్వార్టరులో మంచము దిగలేకపోయాడు. ఆ రెండు దినములూ ఆ కేంద్రపు అంకెలు గంట గంటకూ కంట్రోలు రూముకు సక్రమముగా చేరుచునే ఉన్నవి. తెర మీద ఆ కేంద్రపు దీపము ఆకుపచ్చగానే వెలుగుచున్నది. మూడవనాడు తలుపు తట్టి, లోపలి నుండి జవాబు రాక, నలుగురిని కేకవేసినది పాలు పోసే కుర్రవాడు. సహోద్యోగి ఆసుపత్రిలో కోలుకొన్నాడు. ఈ సంచిక చదువుచు ఈపాటికి నవ్వుకొనుచుండును కూడా. యంత్రములలో లోపమేమియు లేదు. అవి తమకు అప్పగించిన వార్తనంతటినీ చెప్పినవి. మనిషి వార్త వాటికి ఎవరూ అప్పగించలేదు.

కాగితమునకు జవాబు వ్రాయుటకు కూర్చున్న నలుగురిలో ఒకరిది నల్లగొండ జిల్లా, పద్మశాలీ కుటుంబము. ఆయన మేనమామ నలుబది ఏండ్ల క్రితము సాంచల పనికి సూరతు వచ్చి నవాగామ్‌లో స్థిరపడినాడు. "దూరము దూరముగా పనిచేసేవాళ్ళు కలిసి ఉండుట ఎట్లాగో మా మామనడిగితే మనకన్నా బాగా చెప్పుతాడు" అని ఆయన అనగా, ఒక ఆదివారము ఉదయమే బయలుదేరాము.

హజీరా రహదారి మీద ఇచ్ఛాపూర్, అడాజణ్ దాటి, తాపీ నది వంతెన మీదుగా నగరములో ప్రవేశించి, రింగురోడ్డు బట్టల మార్కెట్ల ప్రక్క నుండి వెళ్ళినాము. ఆ మార్కెట్ల మేడలలో కనిపించే చీరల వెనుక ఎందరు తెలుగువారి చేతులున్నవో మన ఊళ్ళలో ఆ చీరలు కొనే ఆడపడుచులకు తెలియదు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు జిల్లాల నుండి నేతపనివారు ముందుగా షోలాపూరు, భివండి, ముంబయి వెళ్ళారు. సూరతులో కృత్రిమ పట్టు మరమగ్గములు పెరిగిన కొలదీ ఇటు కూడా వచ్చారు. మరమగ్గమును సిరిసిల్ల వైపు సాంచ అంటారు. గుజరాతీలో సంచో అనగా యంత్రము. ఈ రెండు మాటల చుట్టరికమును భాషావేత్తలే తేల్చవలెను గాని, మనుషుల రాకపోకలతో పాటు మాటలు కూడా రైలెక్కుతాయనుటలో మాకు సందేహము లేదు.

ఉధ్నా నుండి తూర్పుగా, బార్డోలీ, వ్యారా, నవాపూర్, నందుర్బార్ మీదుగా జల్‌గాఁవ్‌కు పోవు రైలుమార్గము ఈ పేటల దాపుననే సాగుతుంది. అహమ్మదాబాదు నుండి చెన్నై వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే భుసావల్, వార్ధా, బల్హార్షా దాటి వరంగల్లు చేరుతుంది. నవాగామ్ తెలుగువారికి అది పుట్టింటి బండి. ఈ దారి కూడా నిన్న మొన్నటిది కాదు. 17వ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే సూరతు నుండి గోలకొండకు పోవు బాటను మజిలీల వారీగా వ్రాసిపెట్టాడు. అందులో నవాపూర్ ఉన్నది. అది సాలెవారితో నిండిన ఊరనియు, అక్కడి సన్నబియ్యము కస్తూరి వాసన వేయుననియు ఆయన వ్రాత. నేడు ఆ నవాపూర్ స్టేషను సగము గుజరాతులో, సగము మహారాష్ట్రలో ఉన్నది. ఆ కాలముననే మచిలీపట్నపు ఇంగ్లీషు వర్తకశాల గుమాస్తాలు సూరతులోని తమ పెద్దలకు ఉత్తరములు వ్రాసి, జవాబు కొరకు వారముల తరబడి ఎదురుచూచేవారు. దూరపు కొలువు, దూరపు అధికారి అన్న చిక్కు మన తరముతో పుట్టినది కాదన్నమాట.

నవాగామ్ వీధులు ఇరుకైనవి. వడాపావ్ బండి ప్రక్కన లోచో దుకాణము, దాని ప్రక్కన మిర్చి బజ్జీల మూకుడు. ఇక్కడ ఖాందేశ్ నుండి వచ్చిన మరాఠీవారు అధికము. వారి అహిరాణీ మాట వీధి వీధినా వినిపించినది. హిందీ అందరిది. నాలుగు సందులు తిరిగిన తరువాత ఒక గడప ముందు ముగ్గు, గోడ మీద తెలుగు క్యాలెండరు కనిపించినవి. "ఏం అల్లుడా, దారి దొరికిందా? రండి సార్లూ, కూసోండ్రి" అని మామగారు ఎదురు వచ్చారు. అరువది అయిదు దాటిన మనిషి. మామూలు మాటను కూడా బిగ్గరగా అంటారు. జీవితమంతా సాంచల మోతలో గడిపినవారి చెవులు అట్లే అవుతాయని తరువాత తెలిసినది.

మేము వచ్చిన పని చెప్పగా ఆయన కొంత సేపు నవ్వి, తన జోడీదారుని సంగతి ఎత్తుకొన్నారు. సాంచల ఖార్ఖానాలో పని పన్నెండు గంటల పాళీ. ఉదయము ఏడింటి నుండి సాయంత్రము ఏడింటి వరకు ఒకడు, అక్కడి నుండి మరునాటి ఉదయము వరకు మరొకడు. అవే సాంచలు, అదే పడుగు. కూలి మాత్రము ఎవరు నేసిన మీటర్లకు వారిదే. మామగారి జోడీదారుడు ఒడిశాలోని గంజాం జిల్లావాడు. 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉన్న జిల్లా అది; తెలుగు మాట ఆ ప్రాంతమునకు పరాయిది కాదు. అందుచేత ఆయనకు కొంత తెలుగు వచ్చును. మిగిలినది హిందీతో సరిపుచ్చుకొనేవారు.

"పదకొండేండ్లు ఒక్కటే సాంచల మీద చేసినం. కలిసి పనిచేసింది ఒక్క దినం లేదు" అన్నారు మామగారు. "పొద్దున పది నిమిషాలు, మాపున పది నిమిషాలు. గంతే మా దోస్తాను."

ఆ పది నిమిషములలో ఏమి జరిగేదని అడిగాము. మోతలో మాట వినపడదు గనుక చేతులతోనే చెప్పుకొనేవారట. నాలుగవ సాంచ వైపు చూపి రెండు వేళ్ళు కలిపి విడదీస్తే, అక్కడ పడుగు పోగు మాటిమాటికి తెగుచున్నదని అర్థము. బీములో ఎంత నూలు మిగిలినదో అరచేతితో కొలిచి చూపేవారు. పోగు తెగిన సాంచను అతికించకుండా వదిలి వెళ్ళినచో నష్టము తరువాత వచ్చేవానిది. వదిలినట్లు యజమానికి తెలియదు, మేస్త్రికి తెలియదు. జోడీదారునికి ఒక్కనికే తెలుస్తుంది. పాళీ చివరి అరగంటలో తన మీటర్లు పెంచుకొనుటా, ముడులు వేసి శుభ్రమైన సాంచను అప్పగించుటా అన్నది దినదినమూ వచ్చే పరీక్ష. "మొదటి నెల వాడు నన్ను చూసిండు, నేను వాణ్ణి చూసిన. తర్వాత చూసుడు బంద్ అయింది" అన్నారు. అప్పగింతకు అవసరమైనది అయిదు నిమిషములే; మిగిలిన అయిదూ బయటికి వచ్చి చాయ్ త్రాగుచు, ఇంటి నుండి ఫోను వచ్చినదా, పిల్లవాని దగ్గు తగ్గినదా అని మాట్లాడుకొనుటకు. ఒకనాడు జోడీదారుని చేయి వణుకుట చూచి జ్వరమని కనిపెట్టి, వెనుకకు పంపి, ఆ రాత్రి కూడా తామే నిలబడ్డారట. ఇరువది నాలుగు గంటలు సాంచల మధ్య నిలుచుట ప్రమాదకరమే. దానిని మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. చేయి వణకుచున్నదని గమనించుటకు ఒక కన్ను అక్కడ ఉన్నదని మాత్రమే మేము గుర్తుపెట్టుకొన్నాము.

మా వద్ద కూడా పాళీ మారునప్పుడు అప్పగింత ఉన్నది. లాగు పుస్తకములో పీడనము, ఉష్ణోగ్రత, కవాటముల స్థితి, మిగిలిన పనులు అన్నీ వ్రాస్తాము. అది అవసరము, వ్రాతలో తప్పిపోయిన ఒక వాక్యము వలన ప్రాణములు పోయిన సందర్భములు పరిశ్రమల చరిత్రలో ఉన్నవి. 1988లో ఉత్తర సముద్రపు పైపర్ ఆల్ఫా వేదిక మీద 167 మంది మరణించుటకు గల కారణములలో, మరమ్మతుకు విప్పిన పంపు కవాటపు సంగతి తరువాతి పాళీవారికి చేరకపోవుట ఒకటి. అప్పగింత అనునది ఎంత గంభీరమైన కార్యమో ఆ దుర్ఘటన ప్రపంచమునకు నేర్పినది. అయితే లాగు పుస్తకములో మనిషికి గడి లేదు.

ఇంతలో మామగారు లోపలి నుండి అట్ట ఊడిన ఒక నోటు పుస్తకము తెచ్చారు. చుట్టుప్రక్కల ఖార్ఖానాలలో వేరువేరు పాళీలలో పనిచేసే కొన్ని తెలుగు కుటుంబములవారు నెలకు ఒక ఆదివారము ఒక్కొక్కరి ఇంట కూడుకొంటారు. పుస్తకములో పేర్లు ఉంటాయి. వచ్చినవాని పేరు ఎదుట గీత గీస్తారు. ఊరిలో చావు జరిగినప్పుడు బండి ఖర్చుకు అందరూ కొంత కొంత వేసుకొనే పద్ధతి కూడా ఇందులోనే ఉన్నది. రాని వానికి జరిమానా ఎంత అని మాలో ఒకరు అడిగారు. మాకు తోచిన మొదటి ప్రశ్న అదే కావలెను గదా!

"జరిమాన ఎందుకు సారూ? జరిమాన కట్టి ఇంట్ల పండుకుంటడు. రాకుంటే తెల్లారేసరికి ఇద్దరు పోయి చూసి రావాలె. గంతే."

ఆ ఇద్దరు ఎవరన్నది కూడా ముందే వ్రాసి ఉన్నది. ప్రతి పేరు ప్రక్కన దగ్గర ఇళ్ళ వారి పేర్లు రెండు. ఏమి కనుగొన్నారో పుస్తకములో చిన్న అక్షరములతో వ్రాస్తారు. 'ఊరికి పోయిండు', 'డబల్ పాళీ', 'కాలు బెణికింది', 'అలిగిండు'. అలిగినవాని పేరు మీద మూడు నెలలు వరుసగా అదే మాట ఉన్నది. మూడు నెలలూ ఇద్దరు వెళ్ళి వచ్చారు. నాలుగవ నెలలో గీత పడినది.

1994 సెప్టెంబరులో సూరతులో ప్లేగు వార్త పుట్టినప్పుడు లక్షల మంది కొద్ది దినములలో నగరము విడిచి వెళ్ళారు. స్టేషనులో నిలువ చోటు లేదు. ఎవరు బయలుదేరారు, ఎవరు మిగిలారు, ఎవరి ఇంటి తాళము ఎవరి వద్ద ఉన్నది అన్నది ఇటువంటి పుస్తకములోనే వ్రాసుకొన్నామని మామగారు చెప్పారు. ఆ పుస్తకము ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌను వలన సాంచలు ఆగి, ఊళ్ళకు పంపండని సూరతులో కార్మికులు వీధులలోకి వచ్చిన దినములలో, ఇంట బియ్యము అడుగంటినవారిని గుర్తించుటకు మాత్రము మేము చేత పట్టుకొన్న ఈ పుస్తకమే పనికివచ్చినది.

ప్లేగు తరువాత సూరతు నగరపాలక సంస్థలో జరిగినది కూడా మా విషయమునకు దగ్గరిదే. 1995లో కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్.ఆర్. రావు నగరమును ఆరు మండలములుగా ఏర్పరచి, ప్రతి మండలాధికారికి తన అధికారములను పంచియిచ్చారు. అధికారులు ప్రతిదినము కొన్ని గంటలు వీధులలో ఉండవలెనని నియమము పెట్టారు. చల్లని గది నుండి దినచర్యలోనికి అని అర్థము వచ్చేటట్లు దీనికి 'ఏసీ నుండి డీసీకి' అని పేరు. రెండేళ్ళలో నగరము దేశమంతటి దృష్టినాకర్షించినది; 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందూరుతో పాటు ప్రథమ స్థానము పొందినది. చెత్త ఎత్తిన లారీల లెక్క చాలామంది వ్రాశారు. మాకు ఆసక్తి కలిగించినది వేరు. అంతవరకు ఫైలులో సంతకముగా ఉన్న అధికారిని పారిశుద్ధ్య కార్మికుడు తెల్లవారేసరికి తన వీధిలో చూడగలిగాడు.

మధ్యాహ్నము జొన్నరొట్టె, పచ్చిపులుసు, పప్పుతో భోజనము పెట్టారు. ఈ పేటవారి కలివిడిని చూచి మురిసిపోవుటకు ముందు ఒక మాట చెప్పుకొనవలెను. వీరిలో అధికులకు భవిష్యనిధి లేదు, వైద్య సదుపాయము లేదు, సెలవుకు కూలి లేదు. ఆ నోటు పుస్తకము సరదాకు పుట్టినది కాదు. వేరే దిక్కు లేక పుట్టినది. మనకు వైద్య పథకము ఉన్నది, గ్రూపు బీమా ఉన్నది, సంక్షేమాధికారి ఉన్నారు. ఇన్ని ఉన్నందుననే, తలుపు తట్టే పని తనదని ఎవరూ అనుకొనని స్థితి వచ్చినదేమోనని తిరుగుదారిలో మేము చర్చించుకొన్నాము. మాలో ఒకరు దీనిని ఒప్పుకొనలేదు. సౌకర్యములకు మనుషుల మీద ఆపాదించిన దోషము న్యాయము కాదనియు, సమయము కేటాయించనిదే ఎవరైనను ఎక్కడికి పోగలరనియు ఆయన వాదన. అది కూడా సరియైన మాటే. అందుచేత మా జవాబులో సమయమునకు, ప్రయాణమునకు స్పష్టమైన అంశములు చేర్చాము.

పంపిన సూచనలు పెద్దవి కావు. పాళీ మారునప్పుడు లాగు పుస్తకము ముగిసిన తరువాత అయిదు నిమిషములు పని కాని మాటకు విడువవలెనని వ్రాశాము. అది తెర మీద అయినను సరే. కాని ఇద్దరి మధ్యనే జరగవలెను, ఇరువది మంది చూచుచుండగా కాదు. వార్షికోత్సవపు నిధిలో కొంత భాగము తీసి, ప్రతి కేంద్రమువారు సంవత్సరములో ఒక దినము ప్రక్క కేంద్రమునకు వెళ్ళి అక్కడి పనిలో నిలబడుటకు వినియోగించవచ్చునన్నాము. చివరిది నవాగామ్ నుండి నేరుగా తెచ్చుకొన్నది. ప్రతి ఉద్యోగి పేరు ప్రక్కన దగ్గరి ఇద్దరి పేర్లు ఉండవలెను. సోమవారపు సమావేశములో ముఖము కనిపించక, మధ్యాహ్నము లోపల ఫోనుకు దొరకనిచో, ఆ ఇద్దరు బయలుదేరవలెను. సంజాయిషీ అడుగరాదు. ఎందుకు రాలేదన్నది సెలవు పత్రములోనికి ఎక్కించరాదు. ఈ చివరి వాక్యము మీదనే మా నలుగురి మధ్య ఎక్కువ తర్జనభర్జన జరిగినది. తనిఖీగా మారిన మరుక్షణము తలుపు తెరిచే చేయి ఉండదని మామగారి అల్లుడు పట్టుబట్టి దానిని ఉంచాడు.

మొదటి రెండు సూచనలు పరిశీలనలో ఉన్నవి. మూడవది మా విభాగము వరకు ప్రయోగముగా మొదలైనది. మూడవ వారముననే జ్వరము పడిన ఆ కేంద్రము నుండియే ముఖము కనిపించలేదు, ఫోను మ్రోగలేదు. నియమము ప్రకారము ఇద్దరు మోటారు సైకిలు మీద వానలో బయలుదేరారు. వెళ్ళేసరికి మన సహోద్యోగి వరండాలో కూర్చుండి ఉల్లిపాయలు తరుగుచున్నాడు. రాత్రి పిడుగుపాటుకు ఇంటర్నెట్టు, ఫోను టవరు రెండూ పోయినవట. "మీరు వస్తారని తెలుసు, ముగ్గురికి వండుచున్నాను" అన్నాడు. ఇద్దరూ భోజనము చేసి, సాయంత్రమునకు తిరిగి వచ్చి, పెట్రోలు బిల్లు సమర్పించారు. అట్టి ప్రయాణమును ఏ పద్దు క్రింద చూపవలెనని లెక్కల విభాగము నుండి ప్రశ్న వచ్చినది. జవాబు ఇంకను తయారగుచున్నది. ఈలోగా పెట్రోలు ఖర్చు మేమందరము పంచుకొంటున్నాము.